నడచిపోగల దూరములో పరిశోధన

సాంఘికశాస్త్రములలో పట్టముకొరకు చదువు విద్యార్థి, చివరి సంవత్సరమున, పాఠ్యగ్రంథమును వల్లించి పరీక్షలో ఒప్పగించుటతో సరిపెట్టుకొనక, తానే ఒక ప్రశ్న వేసికొని, తానే దానికి ఆధారములు వెదకి, తన సమాధానమును నలుబది యేబది పుటలలో నిరూపించి చూపవలెనను నియమము, అమెరికాలోని ప్రిన్స్‌టన్ వంటి విశ్వవిద్యాలయములలో దాదాపు శతాబ్దకాలముగా పాతుకొనియున్నది; మన డిగ్రీ కళాశాలలలో మాత్రము అది నిన్నమొన్నటి ముచ్చటగా వినబడుచున్నది. ఆంధ్రప్రదేశ్ ఉన్నతవిద్యామండలి 2020-21 విద్యాసంవత్సరముతో డిగ్రీ విద్యార్థులకు పది నెలల ఇంటర్న్‌షిప్పును విధించి, అందులో మొదటి సంవత్సరము ముగిసిన వెంటనే 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును చేర్చినది. 2022 డిసెంబరులో యు.జి.సి. ప్రకటించిన నాలుగేండ్ల డిగ్రీ ప్రణాళిక మరియొక మెట్టు ఎక్కి, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతము మార్కులు తెచ్చుకొన్నవారు నాలుగవయేట పరిశోధనమార్గమును ఎంచుకొని 12 క్రెడిట్ల సిద్ధాంతవ్యాసము వ్రాయవచ్చునన్నది. కనుక బందరులోనో, గుడివాడలోనో, అవనిగడ్డలోనో చరిత్ర, ఎకనామిక్సు, పొలిటికల్ సైన్సు చదువుకొను పిల్లలు, తమ ఊరిని గూర్చి ఏమి వ్రాయగలరు, ఎట్లు వ్రాయవలెను, వ్రాసినదానికి విలువ యేమి అను విచారము ఇప్పుడు ఊహాగానముగాక నిత్యవ్యవహారమైనది.

అయినను ఇది మనకు నిజముగా కొత్తదేమియు కాదు. 1915లో మద్రాసు విశ్వవిద్యాలయమున భారత అర్థశాస్త్రమునకు ఆచార్యుడుగా వచ్చిన గిల్బర్ట్ స్లేటరు, ఇంగ్లండు పుస్తకములలోని సూత్రములను బోధించుట కంటె, తన యెదుట కూర్చున్న విద్యార్థులు పుట్టిపెరిగిన పల్లెలను తెలిసికొనుట ముఖ్యమని తలచి, వారి చేతికి ఒక ప్రశ్నావళి నిచ్చి, ఎరిగిన ఊరిని లెక్కకట్టి రండని పంపెను. అట్లు సమకూడిన వృత్తాంతములు 1918లో ‘సమ్ సౌత్ ఇండియన్ విలేజెస్’ అను సంపుటముగా వెలువడెను. అప్పటికి ఆంధ్ర విశ్వవిద్యాలయము పుట్టలేదు. బందరు నోబుల్ కళాశాల సైతము మద్రాసు విశ్వవిద్యాలయపు నీడలోనే యుండెను. ఆ సంపుటములోని ఊళ్ళను ఇరువదేండ్ల తరువాత థామస్, రామకృష్ణన్ గారలు తిరిగి సర్వే చేయించి 1940లో ప్రకటించిరి. వానిలో దక్షిణార్కాటు ప్రాంతపు ఇరువేల్పట్టు అను గ్రామమును పండితులు ఆ తరువాతను విడువక, 2008 వరకును మరల మరల పోయి చూచి, ఒక శతాబ్దములో భూమి యెవరి చేతినుండి యెవరి చేతికి పోయినదో, కూలివాడు యెప్పుడు గొంతెత్తినాడో చెప్పగలిగిరి. ఆ గొలుసునకు మొదటి కొలికి ప్రశ్నావళి పుచ్చుకొని ఊరికి పోయిన చదువరి కుర్రవాని లెక్క అనుట అతిశయోక్తి కాదు.

మన కృష్ణా డెల్టా సంగతి చెప్పవలసివచ్చినచో ఆచార్య ఎన్.జి. రంగా పేరు ముందు రావలెను. 1900లో నిడుబ్రోలు రైతుకుటుంబమున జన్మించి, ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చిన ఆ యువకుడు, రాజకీయములు తన్ను పూర్తిగా లాగికొనకముందే, 1926లో భారతగ్రామముల ఆర్థికవ్యవస్థను గూర్చిన గ్రంథమునకు మొదటి సంపుటముగా డెల్టా పల్లెలనే తీసికొని, సాగు, కూలి, అప్పు, చేతివృత్తులు మున్నగువానిని ఇంటివాడు ఇల్లు చూపినట్లు చూపెను. పావు శతాబ్దము గడచిన పిమ్మట, 1951-52లో, ఎస్.సి. దూబే ఉస్మానియా విశ్వవిద్యాలయములోని వేరువేరు విభాగముల విద్యార్థులను వెంటగొని హైదరాబాదు చేరువనున్న శామీర్‌పేటలో విడిది చేసెను. 1955లో వెలువడిన ‘ఇండియన్ విలేజ్’ ఆ విడిది ఫలము. ఈ మూడింటను విద్యార్థియో, విద్యార్థిదశ దాటీదాటని యువకుడో కనబడుచుండుట గమనింపదగినది. తరువాతి కాలమున మన విశ్వవిద్యాలయములు పరిశోధనను ఎం.ఫిల్., పిహెచ్.డి.ల పెట్టెలో పెట్టి తాళము వేసి, బి.ఏ. వారికి క్వశ్చన్ బ్యాంకును మిగిల్చినవి. పోగొట్టుకొన్నదానినే నేడు నాలుగవ సంవత్సరముగా తిరిగి తెచ్చుకొనుచున్నామని నా అభిప్రాయము.

తెచ్చుకొన్న రూపమెట్లున్నది? కళాశాల వీధిలోని ఏ జిరాక్సు షాపులో నిలబడి చూచినను తెలియును. నీలిరంగు అట్ట, స్పైరల్ బైండింగు, కృతజ్ఞతల పుట, అయిదధ్యాయములు, వెనుక ‘అవును’, ‘కాదు’ అను రెండు గడుల ప్రశ్నావళి. మూడవ అధ్యాయమున విద్యార్థి తన పద్ధతిని శాస్త్రీయమని ప్రకటించుకొనును. నాలుగవదానిలో రంగురంగుల పై చార్టులు. అయిదవదానిలో ప్రభుత్వము చర్యలు గైకొనవలెనను సూచనలు. వీనిలో దోషము విద్యార్థి సోమరితనము కాదు. ప్రశ్న వేయుట నేర్పక జవాబు వ్రాయుమన్నప్పుడు ఎవరైనను పక్కవాని పుస్తకములోనికే తొంగిచూతురు. ఈ మధ్య ఆ పక్కవాని స్థానమును అడిగినదే తడవుగా వ్యాసము అల్లియిచ్చు కంప్యూటరు యంత్రము ఆక్రమించినది. దానిని గూర్చి ఉపన్యాసములు కొల్లలుగా సాగుచున్నవి గనుక ఇక్కడ ఒక్కమాటతో విడిచెదను: గిలకలదిండి రేవులో నేటి ఉదయము చేపల పాట యెంతకు పోయినదో పోయి చూచినవానికి తెలియును, యంత్రమునకు తెలియదు.

ప్రశ్నను ఎంచుకొనుటయందే సగము సిద్ధాంతవ్యాసము ముగియును. మంగినపూడి చుట్టుపట్ల చదువు విద్యార్థికి మొదట తట్టు విషయము బందరు పోర్టు. 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023 మే నెలలో మరియొకసారి శంకుస్థాపన జరిగిన ఆ రేవు (శంకుస్థాపనలకే ఒక సిద్ధాంతవ్యాసము చాలును) ప్రాంతపు భవిష్యత్తును మార్చునా లేదా అని వ్రాయబూనినవాడు, మూడు నెలలు వార్తాపత్రికల కత్తిరింపులు అతికించి, చివరకు మార్చవచ్చునని తేల్చును. అదే విద్యార్థి, పోర్టు దారికి ఆనుకొనియున్న ఒక్క ఊరిని తీసికొని, రెండవ శంకుస్థాపన నుండి నేటివరకు అందులో అమ్ముడుపోయిన పొలములెన్ని, కొన్నవారు ఊరివారా పైవారా, అమ్మినవారు ఆ సొమ్ముతో ఇల్లు కట్టిరా, పిల్ల పెండ్లి చేసిరా, అప్పు తీర్చిరా అని అడిగినచో, ఏ ఆచార్యునికిని తెలియని సంగతి యొకటి అతని చేతిలో నుండును. నడచిపోయి తెలిసికొని, చీకటి పడులోగా ఇంటికి తిరిగి రాగల ప్రశ్నయే బి.ఏ. విద్యార్థికి తగిన ప్రశ్న. హార్వర్డు విద్యార్థిగా జాన్ కెనెడీ 1940లో మ్యూనిక్ ఒప్పందమును గూర్చి వ్రాసిన సిద్ధాంతవ్యాసము ఆ యేడే ‘వై ఇంగ్లండ్ స్లెప్ట్’ అను పుస్తకమైనదని చెప్పుకొందురు. అప్పటికి అతని తండ్రి లండనులో అమెరికా రాయబారి యన్న సంగతి కూడ చెప్పుకొనవలెను. కెనెడీకి లండను నడచిపోగల దూరమైనది. మన పిల్లకు మేనమామగారి ఊరు నడచిపోగల దూరము. ఆ ఊరిలో ఆమెకు తెరచుకొను తలుపులు ఏ విదేశీ పండితునికిని తెరచుకొనవు.

ఈ సంగతిని కౌలు విషయమున చూచినట్లు మరెక్కడను చూడజాలము. గుడివాడ మొదలు దివిసీమ వరకు వరిచేలలో పనిచేయువాడొకడు, పట్టాదారు పాసుపుస్తకములోని పేరు వేరొకటి అగుట సర్వసామాన్యము. ఆ పేరుగల ఆసామి విజయవాడలోనో, హైదరాబాదులోనో, డల్లాసులోనో యుండును. ఈ వలస యొక్క పూర్వరంగమును, అనగా కోస్తా రైతు వ్యవసాయపు మిగులును పట్టణపు వ్యాపారములోనికి, చదువులలోనికి మళ్ళించిన తీరును, కరోల్ ఉపాధ్య 1988లోనే చక్కగా వివరించినారు. కౌలు ఒప్పందము నోటిమాట. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము కౌలుదారునకు పదునొకండు నెలల కార్డు నిచ్చును, కాని దానికి భూయజమాని సమ్మతి కావలెను. విద్యార్థిని కాగితము తీసి, “కౌలుకార్డు ఉందా బాబాయ్?” అని అడిగినచో, “లేదమ్మా” అని మూడక్షరముల జవాబు వచ్చును, ఆమె దానిని ‘కాదు’ అను గడిలో వేసికొని ముందుకు సాగును. కాగితము మడచి, గట్టుమీద కూర్చుండి, ఎందుకు తీసికొనలేదని అడిగినచో, “సంతకం పెట్టండని ఆయన్నడిగితే, వచ్చే యేడు చేను ఇంకొకడికిస్తాడు. కార్డు తీసుకుని ఏం చేసుకోను?” అను మాట వచ్చును. మొదటి జవాబులో చట్టమునెరుగని రైతు కనబడును. రెండవదానిలో చట్టమును అందరికంటె బాగుగా ఎరిగిన రైతు కనబడును. ఆపై ప్రశ్నలు వానియంతట అవియే పుట్టును. ఎకరమునకు ఎన్ని బస్తాలు కౌలు? పంట పోయిన యేట బస్తాలు తగ్గింతురా, బాకీగా వ్రాసికొందురా? వరి కోయకముందే చేలో చల్లిన మినుములలో ఆసామికి వాటా కలదా, లేక అది పూర్తిగా కౌలుదారునిదేనా? నష్టపరిహారము ఎవరి ఖాతాలో పడును, పడినచో చేతులు మారునా? ఒక్క ఊరిలో ముప్పది కుటుంబములను ఈ ప్రశ్నలతో ఓపికగా చూచిన విద్యార్థి, భూసంస్కరణలపై మూడువందల పుటలు చదివినవానికి పాఠము చెప్పగలడు.

జవాబు చెప్పువాని భయమును లెక్కలో నుంచుకొనుట యీ విద్యలో తొలి మెట్టు. ఊరిలో ఎవరు ఫైలు పట్టుకొని వచ్చినను, ప్రభుత్వపువారేయని జనము నమ్మకము. “ఎవరమ్మాయివి? ఈ లెక్కలన్నీ రాసుకుపోయి కార్డు తీసేయరు గదా?” అని అడిగిన ముసలమ్మ, వెంటనే ఇంటి ఆదాయమును సగమునకు సగము తగ్గించి చెప్పును, ఆమెను తప్పుపట్టజాలము. ఆదాయము అడుగుటకు బదులు, నిన్న చేపల గంప యెంతకు పట్టుకొంటివి, ఆటోకు యెంత, మంచుగడ్డకు యెంత, సాయంకాలమునకు చేతిలో యెంత మిగిలెనని అడుగుటయే మేలు. కులము పేరు, అప్పిచ్చినవాని పేరు, సారా సంగతి ఇటువంటివి నోటుబుక్కులో దిగినప్పుడు, ఊరిపేరు మార్చినను మనుష్యులను గుర్తుపట్టుట చిన్న ఊళ్ళలో క్షణము పట్టదు. విద్యార్థిని తిరిగి ఆ వీధిలోనే మసలవలసినది. పైనుండి వచ్చిన పండితునికి లేని బాధ్యత ఆమెకు కలదు.

లెక్కల పుస్తకములను నమ్ముకొన్నవారికి వేరొక గొయ్యి తవ్వియున్నది. 2011 జనగణనలో కృష్ణా జిల్లా జనసంఖ్య 45 లక్షలు. 2022 ఏప్రిల్‌లో విజయవాడ ఎన్.టి.ఆర్. జిల్లాలోనికి, నూజివీడు, కైకలూరు ఏలూరు జిల్లాలోనికి పోగా, బందరు కేంద్రముగా మిగిలిన కృష్ణా జిల్లాకు అదే లెక్క చొప్పున 17 లక్షల పైచిలుకు మాత్రమే. పాత జిల్లా అంకెల పక్కన కొత్త జిల్లా అంకెలు వేసి గ్రాఫు గీచినచో, చేపల చెరువులు ఒక్క యేట మాయమైనట్లును, పట్టణవాసము వెనుకకు నడచినట్లును తోచును. 2021లో జరుగవలసిన జనగణన జరుగకపోవుట ఈ చిక్కును పెంచినది. మండలపు అంకెలతో పనిచేయుట ఒక్కటే నిరపాయమార్గము.

ఇక 1977 నవంబరు 19. దివిసీమను ముంచిన ఆ ఉప్పెన సుమారు పదివేల ప్రాణములను కొనిపోయినదని ప్రభుత్వపు లెక్క; అంతకు ముందు 1864 నవంబరులో బందరును ముంచిన తుపానులో సుమారు ముప్పదివేలమంది పోయిరి. సాంఘికశాస్త్రపు దృష్టిలో ఈ ప్రాంతమును ప్రపంచమునకు పరిచయము చేసినది ఈ ఉప్పెనయే. పీటర్ వించెస్టరు అను పరిశోధకుడు కృష్ణా డెల్టాను సంవత్సరముల తరబడి పరిశీలించి 1992లో వ్రాసిన గ్రంథమున, గాలి అందరిమీద ఒకే విధముగా వీచినను నష్టము అందరికి ఒకే విధముగా రాదని నిరూపించెను. అతని పనినుండి తీసికొనబడిన ఉదాహరణ యొకటి విపత్తుల పాఠ్యగ్రంథములలో నేటికిని చదువబడుచున్నది: వంద మీటర్ల ఎడములో రెండు కుటుంబములు, ఒకదానికి ఇటుకల ఇల్లు, మాగాణి, లారీ, రేడియో, రెండవదానికి గుడిసె, ఒక యెద్దు, అర ఎకరము మెట్ట. రేడియో విన్నవారు లారీ యెక్కి వెడలిపోయిరి. గుడిసెవారు బిడ్డను పోగొట్టుకొనిరి. తరువాత ఒకరు దాచుకొన్న సొమ్ముతో లేచి నిలువగా, రెండవవారు అప్పు చేసి, ఎద్దును కొనలేక అద్దెయెద్దులతో దున్నుకొనిరి. పాఠకునికి ఇది యిప్పుడు తెలిసిన సంగతియే యనిపించినచో, దానిని తెలియజేసినవారు వించెస్టరు వంటివారే.

ఈ విషయము తీసికొను విద్యార్థికి ఒక ప్రత్యేక కష్టము కలదు. ప్రతి నవంబరులోను విలేఖరులు వచ్చి అడుగుచుండుటచే, సొర్లగొంది, హంసలదీవి ప్రాంతపు వృద్ధులకు ఆ రాత్రి కథ ఒక పాఠముగా కుదిరిపోయినది: గాలి, నీటిగోడ, తుమ్మచెట్టు, తెల్లవారి శవములు. అందులో అసత్యము లేదు, కొత్తదియు లేదు. అడుగవలసినది ఆ రాత్రి సంగతి కాదు, దాని తరువాతి పదేండ్ల సంగతి. తల్లిదండ్రులు పోయిన పిల్లలను ఏ చుట్టము తీసికొనిపోయెను, వారి అర ఎకరమును ఎవరు దున్నిరి, పక్కా యిండ్ల కాలనీలో ఏ వరుస ఎవరికి వచ్చెను, ఆ గోడలు నేడు ఎవరివి? ఆనాడు పదునైదేండ్లవాడు నేడు అరువది దాటినవాడు. ఈ ప్రశ్నలకు గడువు తక్కువ.

వేట నిషేధము వంటి విషయములో గడువు మరియొక విధమైనది. తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు పడవలు ఒడ్డుననే యుండవలెను. ఆ దినములకు ప్రభుత్వమిచ్చు సొమ్ము 2019లో కుటుంబమునకు పదివేలుగాను, 2025లో ఇరువదివేలుగాను నిర్ణయింపబడినది. సొమ్ము పడవపై వేటకు పోవు మగవాని లెక్కన వచ్చును. గంప నెత్తిన పెట్టుకొని బందరు వీధులలో అమ్ము స్త్రీ పని కూడ ఆ రెండు నెలలు ఆగిపోవుటను ఏ పద్దులోను చూడము. ఎంత చక్కని సిద్ధాంతవ్యాసము! కాని ఆరవ సెమిస్టరు పరీక్షలు ముగియు వేళకే నిషేధము ప్రారంభమగును. కౌలు మాటలు ఏరువాకకు ముందు, ఎండలలో, కుదురును. అప్పుడు కళాశాలకు సెలవులు. కోతలు డిసెంబరులో; అప్పుడు సెమిస్టరు పరీక్షలు. డెల్టా పంచాంగమునకును విశ్వవిద్యాలయ పంచాంగమునకును ఎన్నడును పొత్తు కుదరలేదు. సిద్ధాంతవ్యాసము చివరి సెమిస్టరులో చేయవలసిన పనియను తలంపును విడిచి, రెండవ సంవత్సరపు వేసవిలోనే నోటుబుక్కు తెరచినవారికి మాత్రమే ఈ విషయములు చిక్కును.

వ్రాతను గూర్చి ఒకటి రెండు మాటలు. 2021-22 నుండి డిగ్రీ బోధన ఇంగ్లీషు మాధ్యమములోనికి మారినందున, తెలుగులో విని ఇంగ్లీషులో వ్రాయు అవస్థ పిల్లలకు పట్టినది. విన్నవారి మాటలను తెలుగులోనే, తెలుగు లిపిలోనే వ్యాసములో నుంచి, చర్చను ఇంగ్లీషులో నడుపుటకు అనుమతించినచో ఈ అవస్థలో సగము తీరును. పూర్వపరిశోధనల సమీక్ష పేర ఇరువది గ్రంథముల పేర్లు గుచ్చి మాలగట్టుట మాని, మూడింటిని చదివి, వానితో వాదించుట మేలు. మెకంజీ 1883లో వ్రాసిన కృష్ణా జిల్లా మాన్యువలు, అరసరత్నం, అనిరుద్ధ రే గారలు మచిలీపట్టణము, కాంబే రేవులపై వ్రాసిన గ్రంథము, ఇవి చేతబట్టిన చరిత్రవిద్యార్థికి బందరు కోట యెదుట నిలబడినప్పుడు అడుగుటకు ఏదో యొకటి దొరకును.

మార్గదర్శనము మాటకు వచ్చినచో నిరాశ తప్పదు. మూడు తరగతులకు పాఠములు చెప్పి, పరీక్షాపత్రములు దిద్ది, అడ్మిషన్లకు ఊరూర తిరిగి వచ్చిన అధ్యాపకుడు, డజన్లకొలది ప్రాజెక్టులకు గైడుగా సంతకము పెట్టుచున్నాడు. అతడు ప్రతి వ్యాసమును చదువవలెనని కోరుట అన్యాయము. అంతకంటె, పదిమంది విద్యార్థులు పది విషయములపై విడివిడిగా తడుముకొనుట మాని, ఒకే ఊరిని పంచుకొనుట సాధ్యము: ఒకరు కౌలు, ఒకరు స్త్రీల కూలి, ఒకరు డ్వాక్రా అప్పులు, ఒకరు చదువులకు ఊరు విడిచిన పిల్లలు. అప్పుడు గైడు ఒక్క ఊరిని తెలిసికొన్నచో పదివ్యాసములను దిద్దగలడు. స్లేటరు నాటి ప్రశ్నావళి వలె ఇంటింటి పట్టిక ఒక్కటే యుండును. తరువాతి బ్యాచి అదే పట్టికతో అదే ఊరికి పోవచ్చును. బందరు కళాశాల యొకటి మంగినపూడిని, గుడివాడ కళాశాల యొకటి తన చుట్టునున్న మాగాణి పల్లె నొకదానిని, అవనిగడ్డవారు సొర్లగొందిని పట్టుకొని, అయిదేండ్లకొకసారి తిరిగి చూచినచో, రంగాగారి తరువాత తెగిన డెల్టా వృత్తాంతము మరల సాగును, ఇరువేల్పట్టునకు దీటైన ఊరొకటి మనకును ఏర్పడును. ఇందుకు గ్రాంటులు అక్కరలేదు. నింపిన పట్టికలను పరీక్ష ముగిసిన మరునాడు చిత్తుకాగితములవానికి వేయకుండ, ఇంటిపేర్లు తుడిచి, ఊరిపేరు, సంవత్సరము అట్టపై వ్రాసి, లైబ్రరీలో ఒక బీరువాలో పెట్టవలెను. ఆ బీరువా తాళము డిపార్టుమెంటు అధిపతి వద్ద కంటె లైబ్రేరియను వద్ద నుండుటయే మంచిది. అధిపతులు బదిలీ అగుచుందురు.